డబ్బా మీద నేను గీసిన గీత

నా సర్వీసులో చివరి ఏడాది, ఎండలు మొదలవుతున్న రోజుల్లో, కామారెడ్డిలో నేను పనిచేసే ఆసుపత్రి ల్యాబ్ నుంచి నన్ను డిప్యుటేషన్ మీద ఒక పరిశోధనకు పంపారు. అప్పటికి నేను గ్రేడ్ వన్ ల్యాబ్ టెక్నీషియన్‌ని. ముప్ఫై ఏళ్లకు పైగా ఇతరుల రక్తం, కఫం, మూత్రం చూసి బతికినవాణ్ణి. ఉత్తర్వులో ‘నమూనాల సేకరణ, భద్రత, రవాణా’ అని గంభీరంగా రాశారు. నా భార్యకు దాని అర్థం వెంటనే తెలిసిపోయింది. “ఇన్నేండ్లు దవఖానకు వచ్చినోళ్లది పట్టినవ్. ఇగ ఇంటింటికి పోయి పడతవా?” అంది. పని సరిగ్గా అదే.

పరిశోధన హైదరాబాదులోని ఒక సంస్థది. నడిపేది డాక్టర్ మాధవి గారు. వయసులో మా అమ్మాయికంటే రెండేళ్లు పెద్దేమో, పట్టుదలలో మాత్రం నాకంటే చాలా పెద్ద. మూత్రపిండాల్లో రాళ్లున్నవారి మూత్రంలో ఆర్‌ఎన్‌ఏ గుర్తులు వెతకడం ఆమె పని. ఈ మాట కొత్తగా ఉన్నవారికి నేను ఊళ్లలో చెప్పినట్టే చెబుతాను. డీఎన్‌ఏ అంటే తహసీలు కచేరీ బీరువాలో ఉండే అసలు రికార్డు. అది గది దాటి రాదు. ఆర్‌ఎన్‌ఏ అంటే ఆ రికార్డు చూసి, పని చేసేవాళ్లకు రాసిచ్చే చిట్టీ. పని మారితే చిట్టీలూ మారతాయి. మూత్రపిండంలో రాయి ఒరుసుకుంటూ ఉంటే అక్కడి కణాలు కొన్ని రకాల చిట్టీలు ఎక్కువ రాస్తాయి, కొన్ని తక్కువ రాస్తాయి. వాటిలో కొన్ని మూత్రంలోకి జారిపడతాయి. వాటిని చదవగలిగితే, నొప్పి లేవకముందే రాయి సంగతి తెలుస్తుందేమోనని ఆశ.

చిక్కల్లా ఏమిటంటే, ఆ చిట్టీ మహా సుకుమారం. మన చేతి మీద ఉండే ఎంజైములే దాన్ని ముక్కలు చేసేస్తాయి. అందుకని చేతికి గ్లవ్స్, ప్రత్యేకమైన డబ్బాలు, డబ్బా చుట్టూ ఐసు. పట్టిన రెండు గంటల్లోపు సెంట్రిఫ్యూజులో తిప్పి, పైన తేలిన భాగాన్ని చిన్న గొట్టాల్లోకి తీసి, మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజరులో పెట్టాలి. ఎల్లారెడ్డి వైపు వెళ్లిన రోజుల్లో తిరిగి కామారెడ్డి చేరేదాకా నా కళ్లు గడియారం మీదే ఉండేవి. దారిలో చాయ్‌కి ఒక్కసారి కూడా ఆపనివ్వనందుకు జీపు డ్రైవరు నాతో మాట్లాడటం మానేశాడు. నాకు అదీ సుఖంగానే ఉండేది.

నమూనాలు రెండు రకాలు. రాళ్లున్నట్టు స్కానింగులో తేలినవారివి కొన్ని. రాళ్లు లేవని అదే స్కానింగులో తేలినవారివి కొన్ని, పోల్చి చూడటానికి. ఈ రెండో రకం వారు మొదటి రకం వారిలాగే తినేవారు, అదే పని చేసేవారు అయితే పోలిక గట్టిగా నిలుస్తుంది. అందుకే ఎల్లారెడ్డి దగ్గర ఒక ఊళ్లో, బీడీలు చుట్టే ఆడవాళ్ల వాడను ఎంచుకున్నాం. పన్నెండు మంది ఒప్పుకున్నారు. ఐదుగురికి రాళ్లున్నాయి, ఏడుగురికి లేవు.

ఇక్కడ నా గొప్ప ఒకటి చెప్పుకోవాలి. హైదరాబాదు నుంచి వచ్చిన నియమాల కాగితంలో ‘వీలైనంతవరకు యాభై మిల్లీలీటర్లు’ అని ఉంది. ‘వీలైనంతవరకు’ అనే మాట నాకు మొదటినుంచీ గిట్టదు. పని అన్నాక ఒక లెక్క ఉండాలని నా పట్టు. నల్ల మార్కరు తీసుకుని ప్రతి డబ్బా మీద యాభై దగ్గర గీత గీశాను. ముందురోజు సాయంత్రం డబ్బాలు పంచుతూ, గీత దాకా రావాలి, తక్కువైతే పనికిరాదు, పక్కన పడేస్తాను అని గట్టిగా చెప్పాను. ఆడవాళ్లు బుద్ధిగా తలూపారు.

మర్నాడు పొద్దున్నే వెళితే పన్నెండు డబ్బాలూ అరుగు మీద వరసగా ఉన్నాయి. పన్నెండూ సరిగ్గా గీత దాకా. కామారెడ్డిలో చదువుకున్నవాళ్లు కూడా ఒకరు ముప్ఫై, ఒకరు డెబ్భై, ఒకరు మూత మీద దాకా ఇచ్చి నా ప్రాణం తీసేవారు. ఇక్కడ చూస్తే మట్టం పెట్టి నింపినట్టున్నాయి. నేను వాటికి ఫోటో తీసి మాధవి గారికి పంపాను. క్రమశిక్షణ అంటే ఇదీ అని కింద రాశాను. ఆ ఫోటో ఇప్పటికీ నా ఫోనులో ఉంది, తీసేయలేదు.

నెలన్నర తర్వాత మాధవి గారు ఫోను చేశారు. మాట మెత్తగా ఉంది, అది నాకు నచ్చలేదు. మూడేళ్లుగా ఆమె వెంటపడుతున్న ఆర్‌ఎన్‌ఏ ఒకటుంది. రాళ్లున్నవారిలో ఎక్కువగా, లేనివారిలో తక్కువగా కనిపిస్తూ వచ్చింది. కామారెడ్డి నమూనాల్లో అంతా అనుకున్నట్టే ఉంది. బీడీల వాడ నుంచి వచ్చిన రాళ్లు లేని ఏడుగురిలో మాత్రం ఇద్దరికి రాళ్లున్నవారిలాగే వచ్చింది. ఆ ఇద్దరికీ మళ్లీ స్కానింగు చేయించారు. రాళ్లు లేవు. రాయి లేనివారిలోనూ కనిపించే గుర్తు గుర్తే కాదు. “ఎల్లుండి మా సమీక్ష ఉందండీ. దీన్ని జాబితాలోంచి తీసేస్తామని నేనే చెప్పాలి” అన్నారు. ఆ తర్వాత లేబుళ్లు ఏమైనా తారుమారయ్యాయేమో ఒక్కసారి చూడగలరా అని అడిగారు.

నాకు ఒళ్లు మండింది. లేబుల్ తారుమారు చేయడం నా జన్మలో లేదు. ఆ కోపంలోనే రిజిస్టరు తీశాను. కోడ్ నంబర్లు సరి. పట్టిన టైము సరి. ఐసు పెట్టె ఉష్ణోగ్రత సరి. ఆ పక్కన పరిమాణం గడి. యాభై, యాభై, యాభై, కింది దాకా యాభై. నేను మురిసిపోయిన గడి అదే. ఈసారి దాన్ని పై నుంచి కింది దాకా మళ్లీ చదివాను. ముప్ఫై ఏళ్ల సర్వీసులో పన్నెండు మంది ఒకే పొద్దున ఒకే కొలత ఇవ్వడం నేనెప్పుడైనా చూశానా? ఎక్కువైనవాళ్లు కాస్త పారబోసి ఉంటారు, సరే. తక్కువైనవాళ్లు ఏం చేసినట్టు?

మర్నాడు సెలవు పెట్టి బస్సెక్కాను. నేను వెళ్లేసరికి అరుగు మీద నలుగురైదుగురు ఒళ్లో చేటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. కత్తెరతో తునికాకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టి దారం కట్టడం, అంతా మాట్లాడుతూనే. తేడా వచ్చిన ఇద్దరిలో ఒకామె బాలమణి, నలభై ఏళ్ల మనిషి. ఆమె పక్కన కూర్చున్నది లక్ష్మి, రాళ్లున్న ఐదుగురిలో ఒకామె. ఇద్దరివీ గోడ కలిసిన ఇండ్లు. ఆ రోజు డబ్బా గీత దాకా ఎట్లా వచ్చిందని బాలమణిని అడిగాను. ఆమె చేతిలో బీడీ ఆపకుండా చెప్పింది.

“మీరే అంటిరి గద సారు, గీత దాక రాకుంటె పక్కకు పడేస్తనని. పొద్దుగాల నాకు సగం గూడ రాలే. లక్ష్మక్క సర్దింది.”

సర్దడమంటే ఏమిటని అడిగాను. అడుగుతున్నప్పుడే నాకు తెలిసిపోయింది.

“బీడీలు సర్దుకున్నట్టే సారు. కట్టల్ల తక్కువైతే కార్ఖానల తీసుకోరు. ఇయ్యాల నాకు తక్కువైతే ఆమె ఏస్తది, రేపు ఆమెకు తక్కువైతే నేను ఏస్త. గిది గూడ గట్లనే అనుకున్నం.”

లక్ష్మి అందుకుంది. “నాకు నొప్పి లేసిన నాడు నా బీడీలు సగం ఆమెనే చుట్టింది. రాయి ఉందని డాక్టరు నన్ను నీళ్లు బాగ తాగుమన్నడు. నాకేం తక్కువ సారు, ముగ్గురికైనా వస్తది. వీళ్లే తాగరు.”

ఎందుకు తాగరని అడిగితే బాలమణి నన్ను జాలిగా చూసింది. “నీళ్లు తాగితే లేవాలె. లేస్తె చేట దించాలె.”

అంతా బోధపడింది. రాయి ఉన్నామె డాక్టరు మాట విని నీళ్లు తాగింది కనుక ఆమెకు మిగిలింది. రాయి లేనివారు పని ఆగుతుందని తాగరు కనుక వారికి తగ్గింది. మిగిలినచోటు నుంచి తగ్గినచోటికి వెళ్లింది. ఇంకా ఎవరెవరికి సర్దుబాటు జరిగిందని అడిగాను. అరుగు మీద పెద్ద చర్చ మొదలైంది. ఒకామె నేను ఇచ్చిన అంటే, ఇంకొకామె నువ్వు కాదు నేను అంది. ఎవరి ముఖంలోనూ తప్పు చేసిన ఛాయ లేదు. కొంచెం గర్వం కూడా ఉంది. నా డబ్బాల్లో ఒక్కటీ పక్కకు పోకుండా కాపాడారు మరి. నవ్వొచ్చింది, వెనకే సిగ్గేసింది.

బస్టాండులో నిలబడి ఫోను తీశాను. నిజం చెప్పాలి కనుక ఇదీ చెబుతాను. ముందు నా నోటిదాకా వచ్చిన మాట వేరు. దారిలో ఐసు కరిగింది, ఆ పన్నెండు నమూనాలూ పాడయ్యాయి అంటే సరిపోయేది. పన్నెండూ పారేసేవారు. ఆమె గుర్తు నిలిచేది, నా పరువూ నిలిచేది. కాని రెండోసారి పట్టేటప్పుడు ఆ గీత మళ్లీ ఎవరో ఒకరు గీస్తారు. పైగా నేను రాసిన ఉష్ణోగ్రత పట్టికను నేనే అబద్ధం చేయాలి. అది నావల్ల కాలేదు.

మాధవి గారికి జరిగింది జరిగినట్టు చెప్పాను. గీత నియమాల కాగితంలో ఉందా అని అడిగారు. లేదు, నేనే గీశానన్నాను. “పదిహేను ఉన్నా నేను చేసుకునేదాన్ని కదండీ” అన్నారు. తిట్టి ఉంటే తేలికగా ఉండేది. తర్వాత ఒక్కసారిగా నవ్వారు. మూడేళ్లుగా ఆర్‌ఎన్‌ఏ గురించి ఎన్ని రకాల అనుమానాలు రాసుకున్నా, సాయం పోస్తారన్నది ఆమె జాబితాలో లేదట. సమీక్షలో ఉన్న సంగతి చెప్పి, తొలగింపు ఆపించారు. నా పేరుతో ఒక తప్పిదపు నివేదిక రాసివ్వమన్నారు. రాసిచ్చాను. సర్వీసులో నేను రాసిన అలాంటి కాగితం అదొక్కటే.

పన్నెండు నమూనాలూ పారేశాం. ఎవరిది ఎవరి డబ్బాలో ఉందో తేల్చే దారి లేదు. కొత్త డబ్బాలతో మళ్లీ వెళ్లాం. ఈసారి మార్కరు తీసుకెళ్లలేదు. ఎంత వస్తే అంత, ఒకరిది ఒకరు కలపవద్దు, ఎందుకు కలపవద్దో ఇదీ కారణం అని చిట్టీల కథ మొత్తం చెప్పాను. మొదటిసారి ఆ కథ చెప్పకుండా గీత ఒక్కటే చూపించాను. రెండోసారి వచ్చిన ఫలితాల్లో ఆ ఇద్దరూ రాళ్లు లేనివారి వైపే నిలిచారు. ఆ గుర్తు జాబితాలో మిగిలింది. అది ఇంకా పరీక్షగా ఆసుపత్రులకు రాలేదు. రావాలంటే ఇలాంటి ఊళ్లు ఇంకా ఎన్నో తిరగాలి. రాయికి ఇప్పటికీ స్కానింగే దిక్కు.

ఎంత రావాలో ముందే చెప్పి కొలిస్తే, మనం చెప్పిందే మనకు తిరిగి వస్తుంది. ఉద్యోగంలో ఆలస్యంగా నేర్చుకున్న పాఠం ఇది. నా తర్వాత ఆ సీటుకు వచ్చిన అమ్మాయికి బాధ్యతలు అప్పగించేటప్పుడు మొదట ఇదే చెప్పాను.

రెండోసారి పట్టిన రోజు బాలమణి అందరికంటే చివర వచ్చింది. డబ్బా అడుగున రెండు వేళ్ల లోతు కూడా లేదు. కట్టల్లో ఎన్నడూ తక్కువ చూపించని మనిషి, అంత తక్కువ తెచ్చివ్వడానికి ఎంత ఇబ్బంది పడిందో ముఖంలో తెలుస్తూనే ఉంది. డబ్బా నా చేతికిచ్చి, “గింతనే సారు. కని అంత నాదే” అంది. పరిమాణం గడిలో పద్దెనిమిది అని రాసుకున్నాను.