సత్తిబాబాయ్ పోసింది కుళాయి నీళ్ళే

ఒక మాట నా నాలుక కింద పాతికేళ్ళకు పైగా ఉండిపోయింది. తిట్టు కాదు, శాపం కాదు. "చూళ్ళేదు" అన్న మాట. ఎంతో చిన్నది. దాని బరువు మాత్రం పొద్దున్నే దేవుడి గూటి ముందు దీపం వెలిగించేటప్పుడు తెలిసేది. అగ్గిపుల్ల గీస్తాను, చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఎందుకు ఆగిందో ఆ దేవుడికి తెలుసు, నాకు తెలుసు. ఇవాళ మీకూ చెబుతాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను కాబోలు.

మాది యానాం. చిన్నప్పుడు కీళ్ళజ్వరం వచ్చి గుండె బలహీనపడిందని నన్ను బడికి పంపలేదు. నాన్నే ఇంట్లో చదువు చెప్పారు. పలక మీద అక్షరాలు దిద్దించాక సాయంత్రం మా తెల్ల అంబాసిడర్ కారు వెనకసీట్లో కూర్చోబెట్టి ఊరంతా తిప్పుతూ కొట్ల మీది బోర్డులు చదవమనేవారు. మందుల కొట్టు, బట్టల కొట్టు, ఫ్రెంచి పేర్లున్న వీధుల బోర్డులు. నేను తడబడితే కారు నెమ్మదించేది, నాన్న చెప్పకుండానే. డ్రైవరు సత్తిబాబు గారు అద్దంలోంచి నా పెదవుల వంక చూసేవారు. నేను బోర్డు పూర్తిచేశాకే ముందుకు పోనిచ్చేవారు. నేనాయన్ని సత్తిబాబాయ్ అనేదాన్ని. నాకు చదువు చెప్పినవాళ్ళు ఎవరని అడిగితే ఇద్దరి పేర్లు చెప్పాలి. ఇన్నాళ్ళూ ఒక్క పేరే చెప్పాను.

మా వైపు బోరు నీళ్ళు ఉప్పన. అందుకని ఆయన కారుకి కుళాయి నీళ్ళే పోసేవారు. పొద్దున్నే కుళాయి రాగానే డబ్బా నింపి, ముందు అరచేతిలో కాస్త పోసుకుని నాలుకకు తగిలించి, అప్పుడు బోనెట్ ఎత్తేవారు. నేను అరుగు మీద కూర్చుని ఆ తతంగమంతా రోజూ చూసేదాన్ని. నవ్వేదాన్ని కూడా. ఉప్పునీళ్ళు తగిలితే ఇంజను లోపల పుండు పడుతుందనీ, అది పైకి కనపడదనీ ఆయనే నాకు చెప్పారు. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి. నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

నాకు పెళ్ళి వద్దని డాక్టర్లన్నారు, నేనూ వద్దన్నాను, ఇంట్లోనే ఉండిపోయాను. అప్పటికి అన్నయ్యే ఇల్లు నడిపేవాడు. నాన్నకు జబ్బు చేసింది. వారంవారం కాకినాడ తీసుకెళ్ళి చూపించాలి. దారిలో కారు ఆగకూడదని, నాన్న క్షేమంగా తిరిగి రావాలని గోదారమ్మకు మొక్కుకున్నాను. ప్రతి శుక్రవారం తెల్లారేసరికి రేవులో స్నానం చేసి, చెంబుతో నీళ్ళు తెచ్చి, దేవుడికి చూపించి, ఆ తీర్థాన్ని ఎవరూ చూడకుండా రేడియేటర్‌లో పోసేదాన్ని. కారుకి అభిషేకం. పైన చల్లితే చాలదనిపించింది. నాన్నను మోసేది లోపలున్న ఇంజను కదా, దానికే అందాలనుకున్నాను.

ఎండాకాలంలో పోటు వేళ సముద్రం ఎగదన్ని మా రేవు దాకా వస్తుంది. ఆ నీళ్ళు ఉప్పగా ఉంటాయి. చెంబులోంచి ఒక చుక్క నేనూ తీర్థంగా పుచ్చుకునేదాన్ని. నా నాలుకకు ఉప్పు తెలిసింది. తెలిసి, ఏమనుకున్నాను? తీర్థం చెరుపు చెయ్యదనుకున్నాను. బయట ఉప్పునీరు వేరు, దేవుడికి చూపించిన నీరు వేరు అనుకున్నాను. ఇలా ఏడాదికి పైగా సాగింది. శుక్రవారం పూట రేడియేటర్ మూత తీసి, అప్పటికే నిండుగా ఉండటం చూసి సత్తిబాబాయ్ నవ్వేవారు. "శుక్రవారం దీనికి దాహమెయ్యదండి అమ్మాయిగారూ, మీలాగే ఉపవాసమండి" అనేవారు.

ఒకరోజు నాన్నను తీసుకెళుతుండగా నడిరోడ్డు మీద కారు పొగలు కక్కి ఆగిపోయింది. భగవంతుడి దయ, వెనకాలే ఒక ఆటో వచ్చింది, నాన్న ఆస్పత్రికి చేరారు, ఆ తర్వాత చాలాకాలం బతికారు. కారు మాత్రం తాడు కట్టి లాక్కొచ్చారు. మెకానిక్కు ఇంజను విప్పి, లోపలంతా తెల్లగా పేరుకున్నది గోటితో గీకి అన్నయ్యకు చూపించాడు. ఉప్పు.

వాకిట్లో పదిమంది ఉన్నారు. టాక్సీ స్టాండులో డ్రైవర్లూ వచ్చారు. అన్నయ్య గొంతు పెరిగింది. కుళాయి దాకా నడవడానికి బద్ధకించి రొయ్యల చెరువు నీళ్ళు పోశావన్నాడు. సత్తిబాబాయ్ పిల్లల మీద ఒట్టేశారు. ఎవరూ వినలేదు. అప్పుడాయన గుమ్మంలో నిలబడ్డ నా వైపు తిరిగారు.

"అమ్మాయిగారూ, మీరు రోజూ చూస్తారు కదండి. నేనేం నీళ్ళు పోస్తానో మీరు చెప్పండి."

"నేను చూళ్ళేదు" అన్నాను.

బాబాయ్ అన్న పిలుపు కూడా ఆ మాటకు ముందు రాలేదు. ఆయన తాళంచెవి అరుగు మీద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు.

ఎందుకలా అన్నాను? చాలా ఏళ్ళు ఒక జవాబు చెప్పుకున్నాను: నిజం చెబితే దేవుడి తీర్థం మీదకు నింద వస్తుందని. వినడానికి బాగుంది కదా? అబద్ధం. బడికి వెళ్ళనిదాన్ని, పెళ్ళి కానిదాన్ని, ఆ ఇంట్లో నాకున్న గొప్ప అంతా ఒక్కటే, అమ్మాయిగారు మహాభక్తురాలని నలుగురూ అనడం. ఆ భక్తే కారుని తినేసిందంటే ఇక నాకేం మిగులుతుంది? నన్ను చూసి నవ్వుతారని భయపడ్డాను. నామీద నవ్వు పడకుండా ఉండటానికి ఒక మనిషి బతుకుతెరువు అడ్డం పెట్టాను. దేవుణ్ణి మధ్యలోకి తెచ్చింది ఆ తర్వాత.

ఇంజను చెడగొట్టినవాడికి కారు ఎవరిస్తారు? స్టీరింగు పట్టిన చేతులతో ఆయన రొయ్యల చెరువుల మీద కాపలా కాశారు. పండగలకు నేను పిండివంటలు పంపేదాన్ని. పుచ్చుకునేవారు. తిప్పి పంపినా కాస్త తేలికపడేదాన్నేమో. కారుని పెరట్లో పాకలోకి తోశారు. దాని మీద కొబ్బరిమట్టలు పడ్డాయి. నాన్న పోయారు, అన్నయ్య కాకినాడలో స్థిరపడ్డాడు. ఇల్లూ, పాకా నాకు మిగిలాయి.

రెండేళ్ళ కిందట అడవిపొలం అనే ఊరి నుంచి కొబ్బరికాయలు తెచ్చే ఆవిడ, తొందరగా వెళ్ళాలి, తమ వీధిలో పెళ్ళుందని చెప్పింది. ఎవరిదని అడిగాను. "ఉప్పునీళ్ళోళ్ళ అమ్మాయిదండి" అంది. నాకు అర్థం కాలేదు. ఆ ఇంటిపేరు ఎక్కడా వినలేదన్నాను. "ఏమోనండి, నేను కాపురానికొచ్చిన కాడ్నించీ వాళ్ళని అలాగే అంటారండి. సత్తిబాబు గారి మనవరాలండి" అంది.

స్టాండులో ఎవరో వెక్కిరింపుగా తగిలించిన పేరు ఇంటిపేరైపోయింది. పుట్టబోయే పిల్లలకు కూడా. ఆ రోజు దీపం ముందు నా చెయ్యి ఎంతసేపు ఆగిందంటే, అగ్గిపుల్ల వేళ్ళ దాకా కాలింది. మర్నాడు పాకలోకి వెళ్ళి కొబ్బరిమట్టలు లాగేశాను.

కనకాలపేట నుంచి జోజిబాబు అనే మెకానిక్కు వచ్చాడు. తలుపు లాగితే వెనకసీట్లోంచి కోళ్ళు ఎగిరాయి. అతను కారు చుట్టూ తిరిగి వచ్చి గంభీరంగా మొహం పెట్టాడు. "ఆయ్, బాగుచేద్దామండి. ముందు వీటికి వేరే ఇల్లు చూడండి" అన్నాడు. అన్నయ్య ఫోన్లో పాత ఇనుముకి అమ్మెయ్యమన్నాడు. నేను వినలేదు. అన్నయ్య మాట విననిది అదే మొదటిసారి.

ఇంజను విప్పిన రోజు జోజిబాబు కూడా ఆ తెలుపు గీకి చూపించాడు. ఎవడో దీనికి ఉప్పునీళ్ళు తాగించాడన్నాడు. నేను పక్కనే ఉన్నాను. అప్పుడు కూడా నోరు తెరవలేదు. చూశారా, ఎంత అలవాటైపోయిందో.

అయినా పని ఆగలేదు. పగిలిన ఇంజను బ్లాకు పనికిరాదంటే రాజమండ్రిలో పాత కార్లు విప్పేచోట మంచిది దొరికింది. రేడియేటర్ కొత్తగా కట్టించాం. అడుగు రేకు వేలితో పొడిస్తే ఊడిపోయింది, కొత్త రేకు అతికారు. వైర్లన్నీ ఎలుకలు కొట్టేస్తే మళ్ళీ లాగారు. పట్టేసిన బ్రేకులు విప్పి బాగుచేశారు. నేనూ ఊరుకోలేదు. ఎమ్రీ కాగితం పట్టి తుప్పు గీశాను. రేకు మీది గుంటలు పూడ్చే లప్పం పెట్టడం నేర్చుకున్నాను. సీట్లకు రెక్సిన్ నా కుట్టుమిషను మీదే కుట్టాను, సూదులు విరిగాయి, మళ్ళీ వేసుకున్నాను. తలుపుకి తెల్లరంగు పడిన రోజు దాని పక్కన కూర్చుని దణ్ణం పెట్టుకున్నాను. నాన్నకు, కోళ్ళకు కూడా. ఇన్నాళ్ళూ దాన్ని ఎవరూ ఎత్తుకుపోకుండా కాపలా కాసినవి అవే.

ఇంజను మొదట దగ్గింది. తర్వాత నల్లగా పొగ వదిలింది. ఇంకోసారి తిప్పేసరికి పట్టుకుంది. ఆ చప్పుడు విని వీధి వీధంతా వచ్చేసింది. పక్కింటి పిన్ని చెంబుతో గోదారి నీళ్ళు తెచ్చి లోపలా బయటా పొయ్యమంది. "బయట చల్లు పిన్నీ. లోపల కుళాయి నీళ్ళే" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

డ్రైవింగూ నేర్చుకున్నాను, ఈ యాభై దాటిన వయసులో. పక్కసీట్లో జోజిబాబు మేరీమాతను తలుచుకున్నాడు, నేను వెంకన్నను తలుచుకున్నాను. ఇద్దరూ పలికారు. రవాణా ఆఫీసులో ఇన్‌స్పెక్టరు గారు లైట్లు చూసి, హారన్ కొట్టించి, వేగంగా వెళ్ళి బ్రేకు వెయ్యమన్నారు. కారు ఎటూ లాగకుండా తిన్నగా ఆగింది. ఆయన పైకప్పు మీద చేత్తో తట్టి, దీన్ని రోడ్డెక్కించవచ్చన్నారు. నాకు ఏ పరీక్షా రాసే భాగ్యం కలగలేదు. పాసవడమంటే ఇలా ఉంటుందని ఆ రోజే తెలిసింది.

మర్నాడు ఒక్కదాన్నే అడవిపొలం వెళ్ళాను.

సత్తిబాబాయ్ మంచం మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూడలేదు, కారుని చూశారు. లేచి చుట్టూ తిరిగారు. బోనెట్ ఎత్తమన్నారు. రేడియేటర్ మీద చెయ్యి పెట్టి, వేడిగా ఉంది చల్లారనివ్వండని వెళ్ళి మళ్ళీ మంచం మీద కూర్చున్నారు. నన్ను కూర్చోమనలేదు.  చల్లారాక వచ్చి మూత తీసి, వేలు ముంచి నాలుకకు తగిలించుకున్నారు.

"కుళాయి నీళ్ళే" అన్నారు.

"బాబాయ్, అప్పుడూ కుళాయి నీళ్ళే పోశావు. ఉప్పునీళ్ళు పోసింది నేను, శుక్రవారం తీర్థమని. నువ్వు రుచి చూసి పొయ్యడం రోజూ చూశాను. చూళ్ళేదని అబద్ధం చెప్పాను."

ఆయన మూత బిగించారు. బోనెట్ దించారు. దాని మీదే చేతులు ఆనించి నిలబడ్డారు.

"నేను పొయ్యలేదని నాకు తెలుసు కదండి అమ్మాయిగారూ. నాకు చెప్తారేంటి? తెలీనోళ్ళకి చెప్పండి."

ముందు తలుపు తీసుకుని ఆయనే ఎక్కి కూర్చున్నారు.

ఎక్కడికని అడగక్కర్లేదు. టాక్సీ స్టాండుకి పోనిచ్చాను. కారుని చూసి అందరూ మూగారు, ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు. నేను దిగాను. గుండె డప్పులా కొట్టుకుంది, చిన్నప్పుడు డాక్టర్లు భయపడ్డ గుండె. ఏం చేశానో, ఏం అన్నానో వరసగా, గట్టిగా చెప్పాను. ఒక కుర్రడ్రైవరు ఇన్నేళ్ళ నాటి రేడియేటర్ గొడవ ఇప్పుడెందుకండీ అని నవ్వాడు. నవ్వనిచ్చాను. నేనింతకాలం భయపడింది ఆ నవ్వుకే. అది వచ్చింది, పోయింది, నేను నిలబడే ఉన్నాను. బెంచీ మీదున్న ఒక పెద్దాయన లేచి, "ఉప్పునీళ్ళోళ్ళని పేరు పెట్టింది నేనేనండి" అని, కారు దగ్గరకు వెళ్ళి కిటికీ పట్టుకున్నాడు. సత్తిబాబాయ్ అతని వైపు చూడలేదు. ఎదురుగా రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నారు.

తిరిగి వెళ్ళేటప్పుడు ఫరంపేట మీదుగా పోనిచ్చాను. కారు మెత్తగా, నిండుగా నడిచింది. ఎదురొచ్చినవాళ్ళు దారి ఇచ్చి మరీ చూశారు. నా పాత అలవాటు కొద్దీ కొట్ల బోర్డులు పైకి చదువుతున్నానని నాకే తెలియలేదు.

"బోర్డులు నేను చూస్తానండి. మీరు రోడ్డు చూడండి" అన్నారాయన.

ఇంటి దగ్గర దిగి, తలుపు కాస్త ఎత్తి మూశారు, ఆ తలుపు ఎలా మూస్తే చప్పుడు కాదో అలా. లోపలికి వెళ్ళిపోయారు. పోనీలెండి అనలేదు. నేనూ క్షమించమని అడగలేదు. ఆయన పోగొట్టుకున్నదానికి నా దగ్గర బదులు లేదు, ఒక కారు అసలే కాదు. అన్నయ్యకు ఫోన్ చేసి చెబితే, ఇప్పుడు తవ్వి ఏం లాభమన్నాడు. కొబ్బరికాయల ఆవిడ మొన్న కూడా ఉప్పునీళ్ళోళ్ళనే అంది. ఆగమని ఆవిడకూ మొదటినుంచీ చెప్పాను. ఎంతమందికి చెప్పాలో తెలియదు. ఎవరు కనపడితే వాళ్ళకు చెబుతున్నాను. ఇవాళ మీరు కనిపించారు.

ఈ పొద్దున దీపం పెట్టాను. చెయ్యి ఆగలేదు. ఇంతవరకూ నడిపించిన గోదారి తల్లికి దణ్ణం పెట్టుకున్నాను. తర్వాత డబ్బాతో కుళాయి నీళ్ళు పట్టి, అరచేతిలో పోసుకుని రుచి చూసి, బోనెట్ ఎత్తాను. ఎలా చెయ్యాలో నాకు బాగా తెలుసు.

నేను చూశాను. రోజూ చూశాను.