పొద్దున పోయే లైను

నా భర్త చనిపోయిన ఏడాదే, హథ్‌ఖోజ్‌లోని మా లేత్ షెడ్డులో రోజూ పొద్దున డేటా లైను పోవడం మొదలైంది. దుర్గ్‌లోని మా ఆఫీసు నుంచి పని డ్రాయింగులు మా కంప్యూటర్లోకి ఆ లీజు లైను మీదే రావాలి. మధ్యాహ్నం దాటాక దానంతటదే వచ్చేది. అప్పటికి సగం పూట పని పోయేది.

షెడ్డు తాళాలు మా ఫోర్‌మన్ దగ్గర ఉండేవి, రోజూ అందరికంటే ముందొచ్చి తలుపు తీసేవాడు. శ్రీకాకుళం వైపు మనిషి, మా ఆయన దగ్గర ఇరవై ఏళ్లు పనిచేశాడు. ఆయనను అన్నయ్య అనేవాడు, నన్ను వదినా అంటాడు. అతని తమ్ముడు ఈ మధ్యే పక్క సందులో సొంత షెడ్డు తెరిచాడు. మా పని ఆగితే ఎవరికి లాభమో ఊహించుకోవడం నాకు తేలికైంది. వారం రోజులు గమనించాను. ఫోన్ పట్టుకుని బయటికి వెళ్లినా అనుమానమే, వెళ్లకపోయినా అనుమానమే.

సోమవారం తాళాలు అడిగాను. కారణం చెప్పలేదు. అతనూ అడగలేదు. బల్ల మీద పెట్టి లేత్ దగ్గరికి వెళ్లిపోయాడు.

మర్నాడు తలుపు నేనే తీశాను. లైను లేదు. తాళాలు ఇచ్చే ముందే ఏదో చేసి ఉంటాడనుకున్నాను. లైను ఇచ్చిన కంపెనీకి ఫోన్ చేసి రౌటర్ ముందు కూర్చున్నాను. అవతలి మనిషి అక్కణ్నుంచి పరీక్ష సంకేతాలు పంపి, మా మోడెమ్ దగ్గరే వాటిని వెనక్కి తిప్పి చూశాడు. ఒక్క తప్పు లేకుండా తిరిగి వెళ్లాయట. "లైన్ సాఫ్ హై, దీదీ," అన్నాడు, లైన్లో లోపమేమీ లేదని. ఇక మిగిలింది మోడెమ్‌కూ రౌటర్‌కూ మధ్య ఉన్న మూరెడు కేబులే.

మరలు విప్పి లాగాను. పిన్నుల మీద పచ్చటి చిలుము, మధ్యలో ఎర్రగా తడి కుంకుమ.

అతన్ని పిలిచి కేబుల్ చూపించాను. ఏటిసూతకమని ఆసారి విశ్వకర్మ పూజకు నేను షెడ్డులోకి రాలేదు. నా బదులు మిషన్లన్నిటికీ బొట్లు పెట్టి కొబ్బరినీళ్లు చల్లింది అతనే.

"అన్నయ్య పెట్టించిన డబ్బా కదా వదినా, దీన్నొక్కదాన్ని ఒగ్గీడానికి మనసొప్పనేదు. ఏటి, నీళ్లు లోపలికెల్లిపోనాయా?"

వాన చెమ్మకు పొద్దున ఆ పిన్నులు మొరాయించేవి, షెడ్డు వేడెక్కాక ఆరేవి. అంతే. బీరువాలో ఉన్న మరో కేబుల్ బిగించాం. లైను నిలబడింది.

తాళాలు అతని ముందు పెట్టి, అనుమానపడ్డానని చెప్పాను. తమ్ముడి సంగతి కూడా దాచలేదు. అతను గుడ్డతో చేతులు తుడుచుకుంటూ విన్నాడు.

"తెల్సు వదినా. వారం బట్టీ నాతో టీ తాగడం మానీసారు కదా." గుడ్డ మడిచి లేత్ మీద పెట్టాడు. "తాళాలు మీకాడే ఉంచండి. నాను తొమ్మిదికొచ్చీస్తాను, అందరిలాగే."

ఇప్పుడు షెడ్డు నేనే తెరుస్తున్నాను. అతను తొమ్మిదికి వస్తాడు. ఒక్క నిమిషం ముందు రాడు.