అక్క చెప్పిన క్వింటాళ్లు

మా అక్క కుడికన్ను పోతోందని డాక్టరు కంటే ఏడాది ముందే నా ఎక్సెల్ షీటులో ఉంది. అంకెలతోనే బతికేవాణ్ని, నాకే కనబడలేదు.

నేను చేసే పనేమిటో మా వైపు ఎవరికీ సరిగా అర్థం కాదు. షేర్ల మీద సలహాలిచ్చే ఒక హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తాను. ఫలానా కంపెనీకి ఈ మూడు నెలల్లో షేరుకు ఇంత లాభం వస్తుందని విశ్లేషకులు ముందే చెప్తారు. వాళ్లు చెప్పింది ఒక గడిలో, చివరికి వచ్చింది పక్క గడిలో పెడతాను. ఎవరి మాట ఎంత తప్పుతోందో సగటు తీసి, ఎక్కువగా తప్పేవాళ్ల మాటకు విలువ తగ్గిస్తాను. టై కట్టుకుని ఏసీ గదుల్లో కూర్చున్నవాళ్ల తప్పులు ఏరడంలో కొంత సంతోషం కూడా ఉంది, అబద్ధమెందుకు.

ఈ పని నేర్చుకున్నది మాత్రం అక్క పత్తి లెక్కల మీద. అప్పుడు మహబూబాబాద్‌లో అద్దె గదిలో ఉండేవాణ్ని. షీటు ఎలా కట్టాలో కంపెనీవాళ్లు చెప్పారు గానీ, సాధన చేసుకోవడానికి అంకెలు ఇవ్వలేదు. ముందుగా అంచనా చెప్పి, తర్వాత అసలు లెక్క కూడా చెప్పగలిగే మనిషి ఎవరా అని ఆలోచిస్తే అక్క గుర్తొచ్చింది.

అక్కను టేకుమట్ల దగ్గరి ఊరికి ఇచ్చారు. అక్కడ పత్తి ఏరే ముందు ఎవరైనా ఆమెనే పిలుస్తారు. చేనులో మూడు చోట్ల ఆగుతుంది, ఒక్కోచోట పది చెట్లు చూస్తుంది, ఎకరానికి ఇన్ని క్వింటాళ్లని చెప్పి ఇంటికొచ్చి అన్నం వండుకుంటుంది. ఆ మాటను బట్టే వాళ్లు కూలీలను మాట్లాడుకుంటారు. చిన్నప్పుడు నాకూ ఆ విద్య నేర్పబోయింది. కాటారం అవతల మా చేనులో నన్ను సాళ్ల మధ్య నిలబెట్టి కాయలు లెక్కపెట్టమనేది. నేను పద్దెనిమిది అంటే, ఆకుల కింద దాక్కున్న ఇంకో రెండు చూపించి నెత్తిన మొట్టేది. ఆ మొట్టికాయలన్నీ వృథా అయ్యాయి, నాకు ఆ చూపు రాలేదు.

ప్రతి ఆదివారం పొద్దున ఫోన్ చేసేవాణ్ని. అక్క పొయ్యి దగ్గర కూర్చుని చెప్తుంటే నేను టైపు చేసుకునేవాణ్ని. చేనుకు మనిషి పేరు చెప్పేది కాదు. వాగు ఒడ్డు చేను, మోటరు కాలిన చేను, మొగుడూ పెళ్లాలు మాట్లాడుకోని చేను, ఇలా చెప్పేది. నేనూ అవే పేర్లు షీటులో పెట్టాను. వెతికి తెచ్చే ఫంక్షన్‌కు 'మొగుడూ పెళ్లాలు మాట్లాడుకోని చేను' అని ఇస్తే, బుద్ధిగా ఎనిమిది క్వింటాళ్లు తెచ్చిచ్చేది. అది విని అక్క పగలబడి నవ్వింది.

ఆ ఏడాది ఆమె లెక్క ఎక్కడా అర క్వింటాలుకు మించి తప్పలేదు. నా షీట్లలో అంతటి విశ్లేషకుడు ఇప్పటికీ లేడు. ఆ మాట చెప్తే పెద్దగా పట్టించుకోనట్టే ఉంది గానీ, తర్వాతి ఆదివారం నాకంటే ముందు తనే ఫోన్ చేసింది. అంకెలు అయిపోయాక బావ గురక గురించి, కోడిని ఎత్తుకుపోయిన కుక్క గురించి గంటసేపు మాట్లాడుకునేవాళ్లం. ఆ ఆదివారాలు తలచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

మరుసటి ఏడాది జనగామకు మారాను. ఆ పంటకు అక్క లెక్కలు తప్పడం మొదలైంది. ఒక చేనుకు రెండు క్వింటాళ్లు, ఇంకో చేనుకు మూడు. తప్పు పెరిగితే గడి ఎర్రబడేలా పెట్టుకున్నాను కాబట్టి, ఆమె వరుసంతా ఎర్రగా తయారైంది. ఇలాగైతే టై కట్టినవాళ్ల కంటే నిన్ను కింద పెడతానని ఏడిపించాను. ఆమె కూడా నవ్వింది. షీటు తన పని తాను చేసి, అక్క మాటకు విలువ తగ్గించింది. నాకు అప్పటికి అసలు పని అంకెలు కుప్పలుగా వస్తున్నాయి.

ఆ తర్వాతి పంటకు బావ ఫోన్ చేశాడు. అక్క గుమ్మానికి కొట్టుకుని పడిందట. అద్దాలు రాయిస్తే సరిపోతుందని భూపాలపల్లి దవాఖానకు తీసుకెళ్తే, వాళ్లు వరంగల్ పొమ్మన్నారు. నేనూ వెళ్లాను. అది నీటికాసుల జబ్బని డాక్టరు చెప్పాడు. నొప్పి ఉండదు, ముందు పక్కచూపు పోతుంది. కుడికన్ను ఇక రాదు, ఎడమకన్నును చుక్కల మందుతో నిలబెట్టుకోవచ్చు. ఏడాది ముందు వచ్చి ఉంటే రెండూ దక్కేవేమో అన్నాడు.

ఇంటికొచ్చి పాత షీటు తెరిచాను. ఎక్కువ చెప్పినా తక్కువ చెప్పినా తప్పు తప్పే కదా అని, తేడాల ముందు మైనస్ గుర్తు తీసేసే ఫంక్షన్ ఒకటి వేసి ఉంచాను. దాన్ని చెరిపేశాను. రెండో ఏడాది చేలన్నిటికీ మైనస్సులే వచ్చాయి. లెక్క రానివాళ్లు ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ చెప్తారు. అక్క ప్రతి చేనుకూ తక్కువే చెప్పింది. అంటే ఆమెకు కాయలు కనబడలేదు. ఆ ఒక్క గుర్తు ఉంచి ఉంటే నాకు అప్పుడే తెలిసేది. నా మీద నాకు అసహ్యం వేసింది.

ఆదివారం టేకుమట్ల బస్సెక్కి అక్క దగ్గరికి వెళ్లాను. ఆమె కంట్లో చుక్కలు వేస్తూ, షీటులో ఉన్నా నేను చూడలేదని, తప్పు నాదేనని చెప్పాను. ఆమె కళ్లు మూసుకునే వింది.

"లెక్క తప్పుతున్నదని నాకు ఎర్కనే తమ్మీ. ఓ పక్క కాయలు కనబడకపోయేది. కావాల్ననే చెప్పలే."

ఎందుకని అడిగాను.

"కండ్లు కనబడుతలేవంటే ఇగ నన్ను లెక్కలు అడగవు గద. ఐతారం నీ ఫోన్ రాదనుకున్న."

నేను మందు సీసాకు మూత పెట్టాను. లెక్కల కోసం ఆమెకు ఫోన్ చేసి అప్పటికి పది నెలలైంది. ఉత్తగా పలకరించడానికి కూడా చేయలేదు. కన్ను సంగతి దాచి ఆమె కాపాడుకున్న ఆదివారాన్ని, ఏ కారణమూ లేకుండానే నేను మానేశాను.