పైడమ్మ టముకు

భిలాయిలో సుపేలా బజారు వెనక కూలీల గుడిసెల్లోకి పేపరు వచ్చేది కాదు. వచ్చినా ఏ భాషలో వస్తుంది? తెలుగువాళ్లు, ఒడియావాళ్లు, సరిహద్దు దాటి తూర్పు బెంగాలు నుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్లు, నేపాలీ చౌకీదార్లు, లాహోరు వదిలి వచ్చిన లారీ డ్రైవర్లు. ఇందరికీ కలిపి ఒక్కటే పత్రిక. పైడమ్మ టముకు.

మొగుడు పోలయ్యది విజయనగరం దగ్గర పల్లె, దండోరా వేసే కుటుంబం. ఉక్కు కార్ఖానా కడుతున్నారని తెలిసి టముకు మెడకేసుకుని భిలాయి వచ్చాడు. పగలు ఇటుకలు మోసేవాడు, సాయంత్రం కబుర్లు చాటేవాడు. అతను జ్వరంతో పోయాక ఆ కర్ర పైడమ్మ అందుకుంది. ఆడది టముకు కొట్టడమేమిటని ముక్కున వేలేసుకున్నవాళ్లే వారం తిరక్కుండా చెవులు రిక్కించారు. తప్పిపోయిన పిల్ల, రేపు రాని నీళ్ల లారీ, గోవిందరావు టీకొట్టు రేడియోలో విన్న ఢాకా వరద, అన్నీ చెప్పేది. ముందు తెలుగులో, తర్వాత హిందీలో, ఆపైన వచ్చీరాని బంగ్లాలో. గుప్పెడు బియ్యం ఎవరిచ్చినా పుచ్చుకునేది కానీ నెలజీతానికి ఒప్పుకోలేదు. కంట్రాక్టరు పరంధామయ్య తన తరఫున కొట్టమంటే మొహం మీదే చెప్పేసింది.

"జీతానికి కొట్టే టముకు జీతమిచ్చినోడి మాటే సెప్తాది బాబూ."

పోలయ్య పెట్టిన కట్టు ఒకటుంది. రేడియో మాటైతే రేడియో చెప్పిందనే చెప్పాలి. ఊళ్లో మాటైతే కళ్లారా చూడందే కర్ర పడకూడదు. పైడమ్మ ఆ కట్టు ఏనాడూ తప్పలేదు, పందొమ్మిది వందల అరవై నాలుగు వేసవి దాకా.

ఆ వేసవిలో పరంధామయ్య ఒకే పనికి తెలుగువాళ్లకొక కూలి, బెంగాలీలకు తక్కువ కూలి ఇస్తున్నాడని పైడమ్మ కనిపెట్టింది. కనిపెట్టి ఊరుకుంటుందా? మూడు భాషల్లోనూ చాటింది. మర్నాడు అందరూ కలిసి తట్టలు దించేశారు. పని ఆగిపోయింది. తన కింద ఇన్ని రకాల మనుషులు ఒక్క మాట మీద నిలబడతారని పరంధామయ్య కలలో కూడా అనుకోలేదు పాపం!

రెండు రోజులు గడిచాయి. మధ్యాహ్నం పైడమ్మ పొయ్యి ముందు ఉండగా మరిది తాతబ్బాయి రొప్పుతూ వచ్చాడు.

"ఒదినా, కొంప మునిగిపోనాది! బెంగాలోల్లు బావిలో మందేసీసినారు. రమణమ్మ గుంటడు ఆ నీల్లు తాగి పడిపోనాడు!"

"ఓలమ్మో! ఏడీ? పద, సూసొస్తాను."

"నువ్వు సూసొచ్చీసరికి మరో గుంటడు పోతాడు. ముందు టముకెయ్యి!"

తాతబ్బాయిని చిన్నప్పటి నుంచీ తన కడుపు మాడ్చుకుని సాకింది. ఇంట్లోవాడి మాటకు సాక్ష్యం అడుగుతారా ఎవరైనా? టముకు మెడలో వేసుకుని పరుగెత్తింది. బావిలో విషం పడింది, ఎవరూ తాగొద్దు, బెంగాలీల పని. తెలుగులో అరిచింది, హిందీలో అరిచింది.

ఇంకేముంది! చేతికి దొరికిన కర్రలూ పారలూ పట్టుకుని జనం బెంగాలీల గుడిసెల మీదికి కదిలారు. ముందు వరసలోది ఛాయ గుడిసె. రేడియోలో వరద కబురు విన్నప్పుడల్లా పైడమ్మ పక్కన కూర్చుని, మా ఊరి పేరు చెప్పారా దీదీ అని అడిగే మనిషి. ఆమె కప్పు మీది గడ్డి పీకేస్తున్నారు. లోపల పిల్లలు కేకలు పెడుతున్నారు. ఛాయ గుమ్మంలో నిలబడి, ఏం జరుగుతోందో తెలియక అందరి మొహాలూ చూస్తోంది.

అప్పుడు పైడమ్మకు ఆ గుంపులోనే రమణమ్మ కనబడింది. చంకలో కొడుకు. నిక్షేపంలా బఠాణీలు నములుతున్నాడు.

పైడమ్మ దగ్గరికి ఉరికింది. "ఒలే రమణమ్మా, నీ గుంటడు పడిపోనాడన్నారేటే!"

"ఆడికేటి? పొద్దున మావిడికాయలు తిని ఓపాలి కక్కినాడు. అంతే."

కంట్రాక్టరు మేస్త్రీ పక్కన తాతబ్బాయి నిలబడి ఉన్నాడు. వదినను చూసి తల దించేశాడు. అంతే, పైడమ్మకు అంతా తెలిసిపోయింది. వీడా? తన చేతి ముద్ద తిన్న వీడా? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటే ఏమో అనుకుంది ఇన్నాళ్లూ.

టముకు బాదింది. "అబద్దం! నాను సూడకుండా సెప్పీసినాను! ఆగండి!"

ఎవరాగుతారు? పెదవి దాటితే పృథివి దాటుతుందన్నారు పెద్దలు. దాటిన మాటను వెనక్కి తెచ్చే ఉపాయం వాళ్లూ చెప్పలేదు. "బెంగాలోల్లు నీకేటిచ్చినారే?" అని ఎవడో అరిచాడు.

పైడమ్మ టముకు కింద పడేసింది. ఛాయ గుమ్మం పక్కన బావి నీళ్ల కుండ ఉంది. రెండు చేతులా ఎత్తి గటగటా తాగింది. గెడ్డం మీంచి, రవిక మీంచి నీళ్లు కారిపోయాయి. మూతి తుడుచుకుని ఆ గుమ్మంలోనే చతికిలబడింది.

"సస్తే ఇక్కడే సస్తాను. సూడండి."

గడ్డి పీకే చేతులు ఆగాయి. అందరూ ఆమె మొహమే చూస్తూ నిలబడ్డారు. ఆమెకేమీ కాలేదు. చివరికి రమణమ్మ వచ్చి, పిల్లాణ్ణి దించి, అదే కుండలోంచి వాడికి దోసిలితో నీళ్లు పట్టింది. జనం ఒక్కొక్కరే జారుకున్నారు. తాతబ్బాయి అప్పటికే లేడు.

పైడమ్మ లేచి టముకు వెతుక్కుంది. జరిగిందంతా ఇప్పుడు బంగ్లాలోనూ చెప్పాలి. కర్ర ఎత్తబోతుంటే ఛాయ వచ్చి ఎదురుగా నిలబడింది. ఏడవలేదు, తిట్టలేదు. వచ్చీరాని హిందీలో అడిగింది.

"నీళ్లలో విషం ఉందని నువ్వు నమ్మావు కదా దీదీ. తాగొద్దని అందరికీ చెప్పావు. మా భాషలో మాకెందుకు చెప్పలేదు? మా పిల్లలూ ఆ నీళ్లే తాగుతారు కదా."

పైడమ్మ కర్ర కింద పెట్టేసింది.