ఉల్లిపాయల పరీక్ష

మా మామయ్య తన బ్లాగు ఎవరికి చూపించినా, ముందు వాళ్ళ చేత ఉల్లిపాయలు కోయించేవాడు.

ఆయన శవాల బండి డ్రైవరు. ఇంట్లో మనిషి పోతే ముందు ఏం చేయాలో, మరణ ధ్రువపత్రం ఎక్కడ తీసుకోవాలో, బండి కోసం ఏ నంబరుకు ఫోన్ చేయాలో చెప్పే బ్లాగు అది. తయారుచేసింది నేను. కదిలే బొమ్మలు, జారే మెనూలు పెట్టి గర్వంగా చూపించబోతే, పీట వేసి కత్తి చేతికిచ్చాడు.

"ముందు కొయ్యరా."

"కూర నేను వండాలా మామయ్యా?"

"కూరకి కాదురా, కన్నీళ్ళకి. ఆ, వచ్చాయిగా! ఇప్పుడు బండి నంబరు వెతుకు."

నేను కట్టిన బ్లాగులో నాకే దారి దొరకలేదు.

"కళ్ళు తుడుచుకోనీ!"

"వచ్చేవాళ్ళు తుడుచుకుని వస్తారట్రా? ఏడుస్తూనే వస్తారు. వాళ్ళకి నీ బొమ్మలెందుకు?"

ఆ తర్వాత పాలవాడు కోశాడు, ఫ్యాను బాగుచేయడానికి వచ్చినవాడు కోశాడు. ఏడ్చిన ప్రతివాడికీ ఒక బొమ్మ ఎగిరిపోయి, చివరికి పేజీ నెత్తిన పెద్ద అక్షరాల్లో నంబరు మిగిలింది. "చావు లేని ఇంట్లో రోజూ ఈ ఏడుపేమిటండీ!" అని అత్తయ్య మొత్తుకునేది.

అంతలో చావు మా ఇంటికే వచ్చింది. నాన్న కార్ఖానాలో కుప్పకూలి పోయాడు. అమ్మ ఒక్క చుక్క కార్చలేదు. తోమిన గిన్నెలే మళ్ళీ తోముతూ కూర్చుంది. మెతుకు ముట్టలేదు. "రాతిగుండె" అన్నారు, పెట్టింది తిని వెళ్ళిన చుట్టాలు. నాన్న వెనకే అమ్మా పోతుందని నాకు భయం పట్టుకుంది.

అప్పుడు వచ్చాడు మామయ్య, ఉల్లిపాయల సంచితో. నాకు ఒళ్ళు మండింది.

"ఇప్పుడు కూడానా? సిగ్గులేదూ?"

"నోర్ముయ్. బ్లాగుకి ఇంకో కాపీ చెయ్యి. అందులో బండి నంబరు ఉండకూడదు."

"నంబరు లేకుండానా?"

"చెయ్యరా!"

చేసి ఫోన్ ఇచ్చాను. ఆయన అమ్మ ఎదుట చతికిలబడ్డాడు. "అక్కా, పరీక్షకి నువ్వొక్కదానివే మిగిలావు."

అమ్మ విసుక్కుంటూనే కోసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఫోన్ పట్టుకుని వెతికింది. వెతుకుతూ వెతుకుతూ వెక్కింది, ఆ వెక్కిళ్ళు భోరుమన్నాయి. ఎవరూ ఓదార్చలేదు. ఉల్లిపాయల ఏడుపుకి ఓదార్పేమిటి?

"దొరికిందా అక్కా?"

"లేదురా..."

"తొందరేం లేదు. వెతుకు."

చాలాసేపటికి అమ్మ ముక్కు చీది, ఫోన్ ఆయన ఒళ్ళోకి విసిరింది.

"నంబరే లేదు కదరా, వెధవా! ఇన్ని ఉల్లిపాయలు ఎవరు తింటారిప్పుడు?"

"మనమే అక్కా," అన్నాడు మామయ్య, కంచాలు తీస్తూ.