మీ బట్టలు ఆరినాయి

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు, రాఖీ పున్నమి వెళ్ళిన మర్నాడు, పొద్దున ఎనిమిది గంటలు. గడియారం చూసి చెప్పడం లేదు, అప్పుడు నాకు గడియారం చూడడం రాదు. మిషన్ బడి మొదటి గంట కొట్టారు. మా సువార్తమ్మ టీచరు మాత్రం చేతిలో గొడుగుతో తన ఇంటి మెట్టు మీదే నిలబడిపోయింది. అన్నేళ్ళ కొలువులో ఆమె గంట తప్పింది ఆ ఒక్కరోజే.

ఇన్నాళ్ళకు ఇది రాయాలని ఎందుకు బుద్ధి పుట్టిందంటే, మొన్న మా కోడలు అరటి దూట కోసింది. ఆ పచ్చి వగరు వాసన వంటింట్లోంచి నా మంచం దాకా వచ్చింది. వెనకే కోడలు వచ్చింది, చీర కుచ్చిళ్ళు పట్టుకుని.

"మామా, గీ మరక పోతదా?"

"పోదు."

"జెర చూసి చెప్పరాదూ! చూడకముందే పోదంటవేంది?"

"చూసేదేముంది. అది నీ చీర కంటే ఎక్కువ బతుకుతది."

కోడలు మూతి తిప్పుకుని పోయింది. నేను ఆ వాసనలోనే చాలాసేపు కూర్చున్నాను. నాకు టీచరమ్మ గుర్తొస్తే ఆ వాసనతోనే వస్తుంది.

నేను చాకలివాణ్ణి. ఎనభై నిండాయి. నలభై రెండో ఏట అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి నా రాత బండగా ఉంటుంది, మాట కూడా అంతే. అక్షరాలు రాకముందు నాకున్న రాత ఒక్కటే, ఇంటి గుర్తు. నల్లజీడి గింజను సూదితో పొడిచి, ఆ రసంతో బట్ట మూలన ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు పెడతాం. బట్ట చిరిగిపోతుంది కాని గుర్తు పోదు. గూడ్స్ షెడ్డులో గుమాస్తాగా ఉన్న ఖాసిం సాబు ఇల్లంటే నాకు మూడు చుక్కలు, కింద ఒక గీత. పన్నెండేళ్ళు వాళ్ళ బట్టలు ఉతికాను. ఆయన పేరు తప్ప ఆ ఇంట్లో ఇంకెవరి పేరూ నాకు తెలియదు. అడగాలని కూడా తోచలేదు. చుక్కలు తెలుసు, చాలనుకున్నాను.

యూనియన్ సైన్యం సికింద్రాబాదులోకి రావడానికి వారం ముందు, ఖాసిం సాబు మా కుంట దగ్గరికి పరుగున వచ్చాడు. ఆయన వేలు పట్టుకుని చిన్న పిల్ల ఒకతి ఉంది.

"నర్సింహా, బట్టలియ్యి. జల్ది. బీదరు దిక్కు మా అత్తగారి ఊరికి పోతున్నం. పట్నంల ఏమైతదో ఏమో."

"తడిగున్నయి సాబ్."

"తడియే ఇయ్యి, పర్వా లేదు."

"తడి బట్ట ఇంటికి పంపుడు మా తాతల నుంచి లేదు. ఎల్లుండి రా."

నేను తల కూడా ఎత్తలేదు. బండ మీద ఉన్న దుప్పటి కొడుతూనే అన్నాను. ఆయన వెళ్ళిపోయాడు.

పట్నంలో మా వైపు ఏమీ కాలేదు. అయింది పల్లెల్లో, ఆయన వెళ్ళిన దిక్కున. ముసల్మానులను వెతికి చంపుతున్నారని ఒక్కో వార్త బండ్లవాళ్ళ నోట వచ్చేది, నేను వినకుండా లేచిపోయేవాణ్ణి. వాళ్ళ ఇంటి తాళం అలాగే ఉంది. రెండు పైజామాలు, ఒక షేర్వానీ, ఒక దుప్పటి, ఒక చిన్న గౌను, ఇంతే మూట. మా ఇంట్లో దండెం కింద పెట్టుకున్నాను. దాని ముందు నుంచి నడిచినప్పుడల్లా ఎల్లుండి రా అన్న నా గొంతు నాకే వినబడేది. బండ దగ్గర చెయ్యి పైకి లేచేది కాదు. తిండి సయించేది కాదు. మా యాదమ్మ మొదట బతిమాలింది, తర్వాత తిట్టింది. "ఎవరి మూటనో ముందటేసుకొని ఎన్నాళ్ళు ఏడుస్తవ్? తడి బట్టలియ్యలేదని ఉరేసుకున్న చాకలోడు ఎక్కడన్న ఉన్నడా?" ఉరి సంగతి నేను ఆలోచించిన మాట ఆమెకు తెలియదు.

సువార్తమ్మ టీచరు సీతాఫల్‌మండిలో ఒంటరిగా ఉండేది. గుంటూరు వైపు మనిషి, మిషన్ బడిలో ఆడపిల్లలకు పాఠం చెప్పేది. యాభై దాటింది. తెల్ల చీర, మగవాళ్ళ చెప్పులు, గొడుగు. మోదుగలు పూసిన కాలంలో ఒక రోజు బట్టలకని పోతే ఆమె బడిలో ఉంది. మూట గుమ్మంలో కట్టి పెట్టి ఉంది. పెరట్లో తీగ మీద ఒక పెద్ద దుప్పటి వేలాడుతోంది, నిండా మరకలు. పసుపు, ఆకుపచ్చ, కాషాయం, మట్టి రంగు. చూడగానే నాకు ఒళ్ళు మండింది. దాన్ని కూడా మూటలో వేసుకున్నాను. చౌడు మట్టి పట్టించి, బట్టీలో ఉడకబెట్టి, బండకేసి కసి తీరా ఉతికాను. ఆరు నెలల్లో నేను మనసు పెట్టి చేసిన పని అదొక్కటే. నా కర్మ!

"ఎవడు పాడుజేసిండో గని అమ్మా, మొత్తం తీసేసిన," అన్నాను మడత ఆమె చేతిలో పెట్టి. "మూడు మాత్రం మొండికేసినయి."

ఆమె మడత విప్పింది. చూసింది. మెట్టు మీద కూలబడింది.

"ఇది మూడేళ్ళయ్యా," అంది. లోపలికి పోయి తలుపు వేసుకుంది.

నాకు అర్థం కాలేదు. ఏదో ఘోరం చేశానని మాత్రం తెలిసింది. ఉన్న పాపానికి ఇంకొకటి తోడైందనుకున్నాను.

మూడో రోజు ఆమే మా కుంట దగ్గరికి వచ్చింది. చాకిరేవుకు టీచరమ్మ రావడం మావాళ్ళు ఎన్నడూ చూడలేదు. అందరూ బండలు వదిలి నిలబడ్డారు. తిట్టడానికి వచ్చిందని నేను తల వంచుకున్నాను. ఆమె దుప్పటిని నా బండ మీద పరిచి, మిగిలిన మూడు మరకల మీద వేలు పెట్టింది.

"ఇవెందుకు పోలేదు?"

"అవి పోవమ్మా. ఇది అరటి దూట. ఇది దానిమ్మ తొక్క. ఇది నల్లజీడి. మా తాతతోని కూడ కాలే."

"మిగతావెందుకు పోయాయి?"

"మోదుగ పువ్వు రంగు పటిక లేంది నిలువదు. ఆకు పసరు ఎండకే పోతది. కరక్కాయ నీళ్ళల్ల ముందు గుడ్డ నానబెడితే కొన్ని నిలుస్తయి."

ఆమె నన్ను చూసిన చూపు నాకు ఇప్పటికీ కళ్ళ ముందుంది. ఒక రాజు తలుపు తీసి ఖజానా చూపిస్తే అలా చూస్తారేమో. "మా ఆయన పోయిన ఏడు మొదలుపెట్టాను నర్సింహా," అంది. "రోజుకో మొక్క. బడి నుంచి వస్తూ ఆకో పువ్వో కోసుకొచ్చి, దాని రసంతోనే దాని బొమ్మ వేసేదాన్ని. చేతులు ఊరుకుంటే బుర్ర పోకూడని చోట్లకి పోతుంది. కానీ వేసినవి వేసినట్టే వెలిసిపోతున్నాయి. నువ్వు ఉతకకపోయినా ఇంకో ఏడాదికి ఏమీ మిగలదు. ఎవర్నడగాలో తెలీలేదు. నాకు నేర్పుతావా?"

నా బతుకులో అప్పటిదాకా ఎవరూ నన్ను ఏమీ అడగలేదు, బట్టలు ఎప్పుడిస్తావని తప్ప.

ఆదివారాలు ఆమె చర్చి నుంచి రాగానే పని మొదలయ్యేది. నేను గుడ్డను సిద్ధం చేసేవాణ్ణి, ఆమె బొమ్మ వేసేది. బోయిన్‌పల్లి వైపు రాళ్ళ గుట్టల్లో తిరిగేవాళ్ళం. ఒకసారి తంగేడు పొద దగ్గర ఆగింది.

"దీని మీద ఎన్నాళ్ళుగా బట్టలారేస్తున్నావు?"

"పుట్టినప్పటి సంది."

"పొద్దుగూకితే దీని ఆకులు ఏం చేస్తాయి?"

"ఆకులేం జేస్తయమ్మా, ఆకులు గద!"

"అయితే కూర్చో."

కూర్చున్నాం. పొద్దు వాలింది. ఆకులు జంటలు జంటలుగా, ఎవరో చేతులు జోడించినట్టు, ముడుచుకున్నాయి. ఒక్క పొద కాదు, గుట్టంతా. నలభై ఏళ్ళు నేను ఆ పొదల మీద తడి దుప్పట్లు విసిరాను. అవి నిద్రపోతాయని నాకు తెలియదు.   ఇంత పెద్ద సంగతి ఇన్నాళ్ళూ నా చేతి కిందే జరుగుతూ ఉందా అనుకున్నాను.

అక్షరాలు కూడా అలాగే వచ్చాయి. పలక లేదు, అ ఆలు లేవు. "నీకు తెలిసినవాటి పేర్లు ముందు రాయి, మిగతావి వాటంతటవే వస్తాయి," అంది. ప్రతి మరక కింద దాని పేరు, జీడి రసంతో. నా మొదటి మాట 'జీడి'. మా యాదమ్మ చూసి తల కొట్టుకుంది. "మరకలు తీసేటోడు మరకలు వెట్టవట్టె! కులపోళ్ళు నవ్వి సస్తరు." అంటూనే ఇరుగు పొరుగు ఇళ్ళలో దానిమ్మ తొక్కలు అడిగి గంపకెత్తేది. నేను మళ్ళీ అన్నం తింటున్నానని ఆమెకు తెలుసు.

తొలకరి పడ్డాక బడి ఆవరణలోని టేకు చెట్టు చిగురు తెచ్చింది టీచరమ్మ. కరక్కాయ నీళ్ళలో నానబెట్టి ఆరేసిన గుడ్డ మీద ఆకు పెట్టి, పైన ఇంకో గుడ్డ కప్పి, గుండ్రాయి నా చేతికిచ్చింది. "కొట్టు. నీకు తెలిసిన దెబ్బే." కొట్టాను. చాన్నాళ్ళకు చెయ్యి తేలిగ్గా పైకి లేచింది. గుడ్డ తీసి చూస్తే పచ్చటి ఆకు అచ్చు ఎర్రగా పడింది, నెత్తురు లాగా. మధ్య ఈనె, పక్క ఈనెలు, వాటి నుంచి చీలిన సన్న గీతలు, పురుగు కొరికిన బెజ్జంతో సహా. అంత పచ్చదనం లోపల అంత ఎరుపు ఎక్కడ దాగి ఉంది? పుట్టింది మొదలు కొట్టి కొట్టి మరకలు పోగొట్టిన చెయ్యి అది. అదే దెబ్బతో ఒక ఆకును గుడ్డ మీదికి తెచ్చింది. నేను ఏడ్చాను. ఏడుస్తూనే ఖాసిం సాబు సంగతి, ఎల్లుండి సంగతి, మూట సంగతి చెప్పేశాను.

నీ తప్పేముందిలే అంటుందనుకున్నాను. అనలేదు.

"అన్నావు. అన్న మాట ఉతికితే పోదు."

"మరేం జెయ్యాలె అమ్మా?"

"వాళ్ళొస్తే బట్టలిస్తావుగా?"

"పాణమిస్త."

"ప్రాణం ఎవరిక్కావాలి? నీ దగ్గర ఉన్నాయని వాళ్ళకెలా తెలుస్తుంది? రాయి."

నా బతుకులో రాసిన మొదటి పూర్తి వాక్యం అది. పైన పెద్దగా మూడు చుక్కలు, గీత. కింద, 'మీ బట్టలు ఆరినాయి. సీతాఫల్‌మండి టీచరమ్మ ఇంటికాడ ఉన్నాయి. నర్సింహ.' చుట్టూ టేకాకుల అంచు అద్దాను.

"నోటీసుకి ఇంత సోకు దేనికయ్యా?" అంది.

"వాళ్ళ కంట్ల పడాలె గదమ్మా."

అందరికీ తెలిసిన ఇల్లు కాబట్టి మూటను తెచ్చి టీచరమ్మ ఇంట్లో పెట్టాను. గుడ్డను ఖాసిం సాబు ఇంటి తాళం వేసిన తలుపుకు కొట్టి వచ్చాను. ఆ ఏడు వాన బాగా దంచింది. వారం వారం పోయి చూసేవాణ్ణి. ఆకుల ఎరుపు వెలిసి గోధుమ రంగుకు తిరిగింది. జీడి రాత మాత్రం కదలలేదు.

రాఖీ మర్నాడు నేను ఉతికిన బట్టలు తెచ్చి టీచరమ్మకు ఇస్తున్నాను. యాదమ్మ తొక్కల గంప దించుతోంది. వీధి మలుపులో ముగ్గురు కనబడ్డారు, ఒక ఆడమనిషి, ఒక పడుచువాడు, ఒక పిల్ల. పిల్ల చేతిలో నా గుడ్డ ఉంది.

"భయ్యా," అంది ఆమె. "నాకు తెలుగు చదవరాదు. గిది మా గుర్తు గదా!" తల మీది ఓణీ మూల లాగి చూపించింది. మూడు చుక్కలు, ఒక గీత. "మా బట్టలల్ల గిదొక్కటే మిగిలింది. పక్కింటోళ్ళు రాత చదివి ఈడికి తోలిన్రు."

నేను నోరు తెరిచేలోపు పిల్ల ముందుకు వచ్చింది.

"నువ్వు ఎల్లుండి రమ్మన్నవంట గదా. మా అబ్బా చెప్పిండు. వచ్చినం."

 బడి గంట మోగింది అప్పుడే.

అప్పుడు బీదరు దారి పొడుగునా గౌను కోసం పిల్ల ఏడ్చిందట. "ఎల్లుండి పోదాం బేటా, చాకలాయన ఎల్లుండి రమ్మన్నడు," అని ఆయన సముదాయించాడట. ఆ ఊళ్ళో కూడా, రోజూ అదే మాట. మగవాళ్ళను ఊరి బయటికి తీసుకుపోయిన పొద్దున కూడా అదే చెప్పి పోయాడట. నేను విసిరిపారేసిన మాట మీద ఆయన పిల్లకు అన్ని రోజులు ధైర్యం చెప్పాడు. ఆమె ఇదంతా గొంతు పెంచకుండా చెప్పింది. నేను చేతులు జోడించాను. "తడియే ఇయ్యవలసింది బీబీ," అన్నాను. "ఇస్తే ఈ పిల్ల పట్నం మాటే మరిచేది," అంది.

టీచరమ్మ లోపలి నుంచి మూట తెచ్చి నా చేతికిచ్చింది, నేనే ఇవ్వాలని. పిల్ల గౌను తీసి ఒంటికి ఆనించుకుంది. మోకాళ్ళ పైకే ఆగిపోయింది. దాన్ని చెంపకు అద్దుకుని వాళ్ళమ్మతో చెప్పింది, "మంచిగ ఆరింది అమ్మీ."

టీచరమ్మ కళ్ళు తుడుచుకుని, జీడి గింజ, పుల్ల తెచ్చి మెట్టు మీద పెట్టింది. "పేర్లడుగు నర్సింహా," అంది. "పన్నెండేళ్ళు ఉతికావు." అడిగాను. ఒక్కొక్కరినీ అడిగి, ఆ గుడ్డ మీదే, చుక్కల కింద రాశాను. అక్షరాలు వంకరపోయాయి. టీచరమ్మ దిద్దలేదు.

సువార్తమ్మ టీచరు పోయి చాలా ఏళ్ళయింది. ఆమె వేసిన దుప్పట్లు నా పెట్టెలో ఉన్నాయి, ఒక్క రంగు వెలవలేదు. చాకలి పని నేను మానలేదు, ఆదివారాలు అద్దకమూ మానలేదు. ఆ రోజు తర్వాత పేరు అడగకుండా ఎవరి మూటా ఎత్తలేదు. పేర్లు రాసిన గుడ్డను మాత్రం వాళ్ళు తీసుకుపోయారు, అది వాళ్ళదే. అందులో ఉన్నవి ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను.

మెట్టు మీద సువార్తమ్మ టీచరు. గంప పక్కన నా భార్య యాదమ్మ. హమీదా బేగం. ఆమె తమ్ముడు రహీం. ఆమె బిడ్డ జుబేదా, అప్పుడు ఆరేళ్ళు. నేను, నర్సింహ. రాలేనివాడి పేరు కూడా రాయమంది టీచరమ్మ. రాశాను. ఖాసిం.