బటన్ చుట్టూ చుక్కలు

ఐలిఫ్ తలుపుకు తాళం వేసి, వీధి మలుపు దాకా వచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళి గొళ్ళెం లాగి చూసుకునే మనిషి. నార్వేలోని బెర్గెన్‌లో మేమిద్దరం ఒకే బస్సులో ఆఫీసుకు వెళ్ళేవాళ్ళం. వంతెన దాటగానే నా వైపు వంగి, "పొయ్యి ఆర్పానంటావా?" అని అడిగేవాడు.

"నీ పొయ్యి సంగతి నాకేం తెలుసయ్యా?"

"తెలీదనుకో. అయినా ఆర్పావులే అని ఒక్క మాట అను, ప్రాణం కుదుటపడుతుంది."

"ఆర్పావులే."

అప్పుడు గొడుగు మోకాళ్ళ మధ్య పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. ఇన్నేళ్ళ తరువాత, చదివిన పుస్తకాలే మళ్ళీ చదువుకుంటున్న ఈ వయసులో, నాకు తెలిసిన మనుషుల్లో ఎవరి గురించైనా రాయాలనిపిస్తే ముందు గుర్తొచ్చేది ఆ బస్సు, ఆ పొయ్యి.

వాళ్ళ నాన్న పడవల మీద పేర్లు రాసేవాడు. చేపల పడవ ముక్కుకు అటూ ఇటూ ఒకే కొలతలో, ఒకే వంపులో అక్షరాలు పడాలి. ఒక వైపు కాస్త లావైనా సముద్రంలో అందరికీ కనిపిస్తుంది. ఆ బెంగ తండ్రి నుంచి కొడుక్కి వచ్చిందని నా అనుమానం. బొమ్మ గీసే చేయి కూడా తండ్రి నుంచే వచ్చింది. తొంభైల చివర్లో మా చిన్న కంపెనీ సాల్మన్ చేపపిల్లల్ని పెంచే కేంద్రాలకు ప్రోగ్రాములు రాసి ఇచ్చేది. ఏ తొట్టిలో నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయి, ఆక్సిజన్ ఎంత ఉంది, మేత ఎప్పుడు పడాలి, అంతా కంప్యూటర్ తెర మీద కనిపించేది. తొట్టికో బటన్. అది నొక్కితే ఆ తొట్టికి ఆక్సిజన్ తెరుచుకుంటుంది, మళ్ళీ నొక్కితే మూసుకుంటుంది. ప్రోగ్రాం ఐలిఫ్ రాస్తే, దాన్ని ఎలా వాడాలో చెప్పే పుస్తకం నేను రాసేవాణ్ణి. ఇద్దరిదీ ఒకటే గది.

ఒక శీతాకాలం మా యజమానురాలు బోర్గిల్డ్ వచ్చి అతని తెర ముందు నిలబడింది.

"ఐలిఫ్, ఈ బటన్లు చూస్తుంటే మునిసిపాలిటీ ఆఫీసు గోడలు గుర్తొస్తున్నాయి. వసంతంలో చేపల పెంపకం వాళ్ళ ప్రదర్శన ఉంది. అందరూ ఇదే బూడిద రంగు పెట్టుకుని వస్తారు. మనకు వేరే కావాలి."

"వేరే అంటే నేనే గీయాలి."

"గీయి. నీకన్నా బాగా ఎవరు గీస్తారు?"

ఆ పొగడ్తకు అతను సంతోషించలేదు. ఆమె వెళ్ళాక నాతో అన్నాడు: "కంప్యూటర్ ఇచ్చే బటన్ వాడుకుంటే అన్నీ అదే చూసుకుంటుంది. 'నేనే గీసుకుంటాను' అని ఒక్కసారి చెప్పామనుకో, అది చేతులు కట్టుకుని పక్కకు తప్పుకుంటుంది. మామూలుగా ఉన్నప్పుడు ఎలా ఉండాలి, నొక్కినప్పుడు ఎలా లోపలికి పోవాలి, పని చెయ్యనప్పుడు ఎలా వెలవెలబోవాలి, కీబోర్డుతో దాని మీదికి వచ్చినప్పుడు ఎలా తెలియాలి, అంతా మన నెత్తినే. ఒక్కటి మర్చిపోయినా అది గుర్తు చెయ్యదు."

"నువ్వు మర్చిపోతావా? పొయ్యినే మర్చిపోవు."

"పొయ్యి ఒక్కటే కదా" అన్నాడు.

చలికాలమంతా గీశాడు. గుండ్రటి అంచులు, కొండల మధ్యకు చొచ్చుకొచ్చే ఫియోర్డ్ నీళ్ళ నీలం, నొక్కితే నీడ పై నుంచి కిందికి మారేది. కీబోర్డులో ట్యాబ్ నొక్కుతూ పోతే ఒక బటన్ నుంచి ఇంకో బటన్‌కు సన్నటి చుక్కల గీత ఒకటి దూకుతూ వెళ్ళేది. నువ్వు ఇప్పుడు ఇక్కడున్నావు అని చెప్పే గీత అది. స్పేస్ బార్ నొక్కితే ఆ చుక్కలు చుట్టుకున్న బటనే పడుతుంది. ఆ చుక్కలు నీలం మీద ఆనేలా రంగు కుదిర్చేసరికి అతనికి నిద్ర తక్కువైంది.

ప్రదర్శనకు కరపత్రం వెయ్యాలి, తెరను ఫొటో తియ్యాలి. బోర్గిల్డ్ కళ్ళద్దాలు పైకి తోసుకుని చూసింది.

"ఈ చుక్కలేమిటి, ఈగలు వాలినట్టు?"

"అవి ఉండాలి."

"ఉండనీ, ఫొటోలో మాత్రం వద్దు. తీసేసి, ఫొటో అయ్యాక మళ్ళీ పెట్టుకో."

చుక్కల్ని గీసే లైను ముందు రెండు ఏటవాలు గీతలు పెట్టాడు. అలా పెడితే కంప్యూటర్ ఆ లైనును చూడనట్టే దాటిపోతుంది. ఫొటో తీశారు. అంతలో అచ్చు వాళ్ళు ఫోన్ చేశారు, రంగులు కుదరలేదని. ఐలిఫ్ కోటు తగిలించుకుని పరుగెత్తాడు.

ఆ రెండు గీతలు అక్కడే ఉండిపోయాయి. మా ఆఫీసులో అందరి చేతిలోనూ మౌసే. చుక్కలు లేవని ఎవరికీ తెలియలేదు. కొత్త ప్రోగ్రాం ఫ్లాపీలు ముందుగా స్కోర్‌వీక్ దీవిలోని కేంద్రానికి పోస్టులో వెళ్ళాయి. కొత్తది ఏది వచ్చినా మొదట వాడి చూసేది వాళ్ళే.

ఆ వారం చివర్లో ఒక పొద్దున ఐలిఫ్ మౌస్ మొరాయించింది. దాని పొట్టలోని బంతి తీసి, లోపల పేరుకున్న మురికిని గోటితో గీకుతూ, రెండో చేత్తో ఊరికే ట్యాబ్ నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. గీకడం ఆగిపోయింది.

"నేనెక్కడున్నాను?" అన్నాడు.

తమాషా అనుకుని తలెత్తాను. మొహం సున్నం కొట్టినట్టుంది.

"చూడు, నొక్కుతున్నాను. ఏదీ కదలట్లేదు. లోపల కదులుతోంది. బయటికి కనిపించట్లేదు."

"స్కోర్‌వీక్‌లో మౌస్ వాడతారుగా?"

"అక్కడ కంప్యూటర్ చూసే తోర్డిస్ వాడదు. తడి చేతులు, రబ్బరు తొడుగులు. మౌస్‌ను ఎప్పుడో సొరుగులో పడేసింది. కీబోర్డు మీద ప్లాస్టిక్ కప్పుకుని దాంతోనే అన్నీ నడుపుతుంది." బంతి బల్ల మీద దొర్లి కింద పడింది. తీయలేదు. "ఒక తొట్టిది మూయబోయి ఇంకో తొట్టిది మూస్తే?"

ఆక్సిజన్ ఆగితే కిక్కిరిసిన తొట్టిలో చేపపిల్లలు ఎంతోసేపు బతకవు. పుస్తకంలో ఆ మాట నేనే లావు అక్షరాల్లో రాశాను.

ఫోన్ చేశాడు. మోగుతోంది, ఎవరూ ఎత్తట్లేదు. పెట్టేసి మళ్ళీ చేశాడు. ఆ రెండు గీతలూ చెరిపి, ప్రోగ్రాం మళ్ళీ తయారు చేసి, ఫ్లాపీలోకి ఎక్కించాడు. అది ఎక్కుతున్నంతసేపూ ఫోన్ చెవికి ఆనించుకునే ఉన్నాడు.

బోర్గిల్డ్‌కు చెబితే కుర్చీలో వెనక్కి వాలింది. "పడవలో వెళ్ళి మార్చి రండి ఇద్దరూ. చిన్న సవరణ అని చెప్పండి. ఎవరి తప్పు, ఏమిటి అని చర్చలు పెట్టకండి. వింటున్నావా ఐలిఫ్?"

"వింటున్నాను."

"వినడం కాదు. నీకు నోరాగదు. ఈ కేంద్రం చేజారితే మిగతావాళ్ళు కూడా పోతారు. అప్పుడు నువ్వూ ఉండవు, నేనూ ఉండను."

ఎక్స్‌ప్రెస్ పడవలో నేను పుస్తకం తెరిచాను కానీ ఒక్క పేజీ తిరగలేదు. ఐలిఫ్ ఫ్లాపీని చొక్కా జేబులో పెట్టుకుని, దాని మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. కాసేపటికి లేచాడు.

"ఇక్కడొద్దు. నెత్తి మీద లౌడ్‌స్పీకర్ ఉంది. దాంట్లో అయస్కాంతం ఉంటుంది, ఫ్లాపీలో ఉన్నదంతా చెరిగిపోతుంది."

వెనక్కి మారాం. అక్కడ ఇంజను దగ్గరని ముందుకు మారాం. వేడి వేడి వాఫుల్ అట్లు, కాఫీ అమ్మే ఆవిడ మమ్మల్ని చూసి, "ఏం బాబూ, సీటు నచ్చలేదా, సముద్రం నచ్చలేదా?" అంది. పక్కనున్నవాళ్ళు నవ్వారు. అతనూ నవ్వబోయాడు, రాలేదు. నేను కొనిచ్చిన వాఫుల్ చేతిలోనే చల్లారింది.

"ఎందుకు ఎత్తట్లేదంటావు?" అన్నాడు.

"మోటార్ల చప్పుడులో వినపడదు."

"రోజూ వినపడుతుంది."

కిటికీ మీద వాన అడ్డంగా జారుతోంది.

స్కోర్‌వీక్ రేవులో తాడు అందుకోవడానికి ఎప్పుడూ వచ్చే కేంద్రం మనిషి మోన్స్ ఆ రోజు రాలేదు. కొండ వారగా షెడ్లు. పెద్ద షెడ్డు తలుపు పక్కన నీలం ప్లాస్టిక్ టబ్బులు కనిపించాయి, గోనెలు కప్పి ఉన్నాయి. ఒక గోనె గాలికి మడత పడింది. లోపల వేలెడంత వెండి చేపలు, మూతులు తెరుచుకుని.

ఐలిఫ్ అక్కడే ఆగిపోయాడు. నేను భుజం పట్టుకుని లోపలికి నడిపించాను.

తోర్డిస్ కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. రబ్బరు తొడుగులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. రెండు చేతులూ కీబోర్డుకు ఎడంగా, వేడి పెనం దగ్గర పెట్టుకున్నట్టు పైకెత్తి ఉన్నాయి. మోన్స్ తడి బట్టలతో గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"వచ్చారా" అంది ఆమె. ఎవరు పిలిచారని అడగలేదు. "దీన్ని ముట్టుకోనని చెప్పేశాను మోన్స్‌కు. కవాటాలన్నీ చేత్తోనే తిప్పుతున్నాం పొద్దున్నుంచి, ఫోన్ ఎత్తే తీరిక కూడా లేదు."

"ఏం జరిగింది?" అని నేనే అడిగాను.

"ఖాళీ చేస్తున్న తొట్టికి ఆక్సిజన్ కట్టెయ్యబోయాను. మధ్యలో మోటారు హెచ్చరిక ఒకటి వచ్చి తెర మీద కూర్చుంది. దాన్ని తీసేసి, ట్యాబ్ నొక్కుకుంటూ వెళ్ళి, స్పేస్ కొట్టాను. పక్క తొట్టిది ఆగింది. నిండుగా ఉన్నది. అలారం మోగితే ఖాళీ అవుతున్నదాని అలారమే అనుకుని నోరు మూయించాను, ఖాళీ చేసేటప్పుడు అది ఎప్పుడూ మోగుతుంది కాబట్టి. మోన్స్ కేకేసేదాకా..." ఆగింది. "ఎన్నేళ్ళుగా చేస్తున్న పని! కళ్ళు పోయాయో, మతే పోయిందో. ఇదివరకు బటన్ చుట్టూ ఉండే గుర్తు ఎక్కడా కనిపించలేదు నాకు. యజమాని సాయంత్రం వస్తాడు. నా వల్ల కాదు, ఇంకెవరినైనా పెట్టుకోమని చెప్పేస్తాను."

"ఊరుకోవే అక్కా" అన్నాడు మోన్స్. "సగానికి పైగా బతికాయిగా."

"చచ్చినవి నీ ఖాతాలో వేసుకుంటావా?"

ఐలిఫ్ ఇంకా తలుపు దగ్గరే ఉన్నాడు, చెయ్యి జేబు మీద. బోర్గిల్డ్ మాటలు నాకు గుర్తున్నాయి. అతనికీ గుర్తుండే ఉంటాయి. మార్చేసి రావచ్చు. ఆమె తన కళ్ళనే అనుమానించుకుంటూ ఉండిపోతుంది, అంతే.

"నీ కళ్ళు బాగానే ఉన్నాయి" అన్నాడు. మళ్ళీ చెప్పాడు. "కళ్ళు బాగానే ఉన్నాయి తోర్డిస్. ఆ గుర్తు నేనే తీసేశాను. ఫొటో కోసం తీసి, మళ్ళీ పెట్టడం మర్చిపోయాను. అది నీకు కనిపించకపోవడం కాదు, అక్కడ లేనే లేదు."

ఆమె కుర్చీని అతని వైపు తిప్పింది.

"ఫొటో కోసమా?"

"అవును."

"దేని ఫొటో?"

"కరపత్రానికి. అందంగా కనపడాలని."

మోన్స్ గోడ వదిలి ఒక అడుగు ముందుకు వేశాడు. తోర్డిస్ చెయ్యి అడ్డం పెట్టింది. "ఆ టబ్బులు చూసే వచ్చావుగా?" అంది.

"చూశాను."

"సాయంత్రం యజమానికి ఈ మాట నువ్వే చెప్తావా?"

"చెప్తాను. తిరుగు పడవ పోతే పోనీ."

"మరైతే లోపలికి రా. తలుపు దగ్గర వాన కొడుతోంది." కుర్చీలోంచి లేచింది.

అతను ఫ్లాపీ పెట్టాడు. కంప్యూటర్ గరగరలాడుతూ చదువుకుంది. అది సగంలో ఆగిపోతుందని అతనికి భయం. నాకూ అదే భయం. ఆగలేదు. తెర మళ్ళీ వచ్చింది, నీలం బటన్లు వరసగా. పక్కకు జరిగి, "నువ్వే నొక్కు" అన్నాడు.

తోర్డిస్ ఎప్పటిలా తొడుగులు వేసుకుంది. ట్యాబ్ నొక్కింది. మొదటి బటన్ చుట్టూ చుక్కలు పడ్డాయి. ఇంకోసారి నొక్కింది. దూకాయి. వరస చివరి దాకా వెళ్ళి, మళ్ళీ మొదటికి వచ్చి, ఇంకో చుట్టు తిరిగింది. స్పేస్ మాత్రం కొట్టలేదు.

"పాతదానికన్నా సన్నగా ఉంది" అంది.

"లావు చెయ్యమంటావా?"

"చెయ్యి. మురికి పట్టిన తెర ఇది. అందం ఎవరిక్కావాలి?"

సాయంత్రం యజమాని వచ్చాడు. ఐలిఫ్ నిలబడి అంతా చెప్పాడు. మా కంపెనీ పేరుతో సహా ఎన్ని తిట్టాలో అన్నీ తిట్టాడాయన, తోర్డిస్‌ను మాత్రం ఒక్క మాట అనలేదు. ఆ కేంద్రం మా చేతిలో ఉంటుందో పోతుందో తెలియకుండానే ఆఖరి పడవ ఎక్కాం. బోర్గిల్డ్‌కు ఏం చెప్పాలని నేను ఆలోచిస్తుంటే, ఐలిఫ్ ఆలోచన వేరే దారిలో ఉంది.

"మేత తెర మీద కూడా బటన్లున్నాయి. వాటికి చుక్కలు పెట్టానంటావా?"

"పెట్టావులే."

ఈసారి ఆ మాట పనిచెయ్యలేదు. బెర్గెన్ రేవులో దిగగానే, గొడుగు విప్పకుండానే, గాజు గదిలోని ఫోన్ దగ్గరకు వెళ్ళాడు. బయట వానలో నిలబడి చూశాను. అటువైపు మొదటి మోతకే ఎత్తినట్టున్నారు, అతని భుజాలు ఒక్కసారిగా దిగాయి. తలుపు సందులోంచి తోర్డిస్ గొంతు నాకూ వినపడింది, మోటార్ల చప్పుడు మీద గట్టిగా అరుస్తోంది:

"చూశానయ్యా, చూశాను! మేత వాటికీ చుక్కలున్నాయి. ఇంటికెళ్ళి పడుకో!"

ఐలిఫ్ ఫోన్ పెట్టేశాడు. బయటికి వచ్చి తలుపు మూసి, సరిగ్గా పడిందో లేదో ఒకసారి లాగి చూసుకున్నాడు.